చేతి వెనక సిర తప్ప దారి లేని పేషెంట్‌లో మత్తుమందు ప్రొపోఫోల్ మంటను తగ్గించిన తీరు: ఒక కేస్ స్టడీ

పేషెంట్ 48 ఏళ్ల స్త్రీ, ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి వైపు పల్లె. బరువు 50 కిలోలు. కుడి మూత్రనాళం కింది భాగంలో 9 మి.మీ. రాయి, దాని వెనక కిడ్నీ ఉబ్బి ఉంది. సీరం క్రియాటినిన్ 2.8. లెక్క కడితే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడపోసే వేగం) 20 దగ్గర ఆగుతుంది, అంటే నాలుగో దశ కిడ్నీ జబ్బు. పొటాషియం 4.8, హిమోగ్లోబిన్ 9.4. బీపీకి రోజూ ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. వాడుతోంది. ఈసీజీలో పీఆర్ నిడివి మామూలుగానే ఉంది, హార్ట్ బ్లాక్ (గుండెలో విద్యుత్ సంకేతానికి అడ్డంకి) లేదు. ఈ మాట ముందే ఎందుకు రాస్తున్నామో తర్వాత తెలుస్తుంది. యూరాలజిస్ట్ యూఆర్ఎస్ (మూత్రదారి గుండా సన్న దుర్బిణి పంపడం) చేసి, రాయి పగలగొట్టి, డీజే స్టెంట్ (మూత్రనాళంలో ఉంచే మెత్తని గొట్టం) వేయాలన్నారు. నలభై నిమిషాల పని. మామూలుగా నడుముకు మత్తుసూది ఇచ్చి ముగించే కేసు.

ఈమెకు నడుము వంగదు. కనిగిరి, పామూరు ప్రాంతంలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువన్నది అక్కడ అందరికీ తెలిసిందే. ఏళ్ల తరబడి ఆ బోరు నీళ్లే తాగినవాళ్లలో వెన్నుపూసల మధ్య లిగమెంట్లు సున్నం పట్టి ఎముకలా గట్టిపడతాయి. సూదికి సందు దొరకదు. ఈమె ఎక్స్‌రేలో నడుము పూసలు తెల్లగా, దట్టంగా, ఒకదానికొకటి అతుక్కున్నట్టు కనిపించాయి. మెడ కూడా వెనక్కి సగమే వాలుతోంది. రెండేళ్ల కిందట ఇంకో చోట గర్భసంచి ఆపరేషన్‌కు నడుములో చాలాసార్లు గుచ్చి, కుదరక, పూర్తి మత్తు ఇచ్చారట. ఈసారీ పూర్తి మత్తే తగినదని పీఏసీలోనే, అంటే మత్తుకు ముందు చేసే పరీక్షలోనే తేల్చాం.

అక్కడే ఆమె అసలు భయం బయటపడింది. ఆపరేషన్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "సార్, పోయినసారి తెల్లమందు ఎక్కించేటప్పుడు చెయ్యంతా మండిపోయింది. అరిచినా ఆపలేదు. ఆ మందు మాత్రం మళ్లా వద్దు సార్" అంది. ఏ చేతికి, ఎక్కడ ఎక్కించారని అడిగితే ఎడమ చేతి వెనక, వేళ్లకు దగ్గరగా ఉన్న సన్న సిర చూపించింది. ఆ తెల్లమందు ప్రొపోఫోల్ అని వేరే చెప్పనక్కర్లేదు.

ఇలాంటి మాటను పీఏసీ కాగితంలో "పేషెంట్ ఆందోళనగా ఉంది" అని రాసి పక్కన పెట్టడం సరికాదు. పూర్తి మత్తు తీసుకున్నవాళ్లకు స్పృహలో ఉండగా గుర్తుండే చివరి అనుభవం ఇదే. దానికి భయపడి రాయి తీయించుకోవడం వాయిదా వేస్తే, ఉన్న కాస్త కిడ్నీ కూడా పోతుంది.

మంట ఎందుకు పుడుతుంది

ప్రొపోఫోల్ రసాయనికంగా ఫినాల్ జాతిది. నీళ్లలో కరగదు. 1977లో మొదటి పరీక్షల్లో దాన్ని క్రెమఫోర్ అనే ద్రావకంలో ఇచ్చారు. దానితో వచ్చిన రియాక్షన్ల వల్ల ఆ రూపం మానేసి, నూనె బిందువులు నీళ్లలో తేలే ఎమల్షన్‌గా మార్చి 1986లో బ్రిటన్‌లో విడుదల చేశారు. ఇప్పుడు మన చేతికొచ్చే 1 శాతం మందులో మి.లీ.కి 10 మి.గ్రా. ప్రొపోఫోల్, 10 శాతం సోయా నూనె, 2.25 శాతం గ్లిసరాల్, 1.2 శాతం గుడ్డు లెసిథిన్ ఉంటాయి. మందులో చాలా భాగం నూనె బిందువుల్లోనే దాగి ఉంటుంది. నీటి భాగంలో విడిగా తేలే కొద్దిపాటి ప్రొపోఫోలే మంటకు మూలం. అది సిర గోడ లోపలి పొరల మధ్య ఉన్న నరాల చివరలను తాకి, టీఆర్‌పీఏ1 లాంటి నొప్పి గ్రాహకాలను రేపుతుంది. ఇది మొదటి కొన్ని సెకన్లలో వచ్చే మంట. రెండో విడత పది ఇరవై సెకన్ల తర్వాత మొదలవుతుంది. రక్తంలోని కాలిక్రీన్ అనే ఎంజైమ్ వ్యవస్థ మేలుకుని బ్రాడీకైనిన్ అనే నొప్పి రసాయనం తయారవుతుంది. అది సిరను సాగదీసి, గోడను చెమ్మ దిగేలా చేసి, మందు నరాలను ఇంకా బాగా తాకడానికి దారి ఇస్తుంది. "మొదట బాగానే ఉంది, ఆ తర్వాత మోచెయ్యి దాకా పాకింది" అని పేషెంట్లు చెప్పేది ఈ రెండో విడత గురించే.

అందుకే సిర ఎంత సన్నగా ఉంటే మంట అంత ఎక్కువ. మోచేతి మడతలోని పెద్ద సిరలో రక్తం వేగంగా, ఎక్కువగా పారుతుంది కాబట్టి మందు వెంటనే పలచబడి, గోడను తాకే అవకాశం తగ్గుతుంది. ఏ జాగ్రత్తా తీసుకోకుండా ఇస్తే పెద్దవాళ్లలో పది మందిలో దాదాపు ఆరుగురికి మంట వస్తుంది. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 177 ట్రయల్స్‌ను, అంటే పాతికవేల పైచిలుకు పేషెంట్లను కలిపి చూసిన సమీక్ష వచ్చింది. అందులో అన్నిటికన్నా బలంగా నిలిచినవి రెండే. మోచేతి మడత సిర వాడితే మంట వచ్చే అవకాశం ఏడో వంతుకు పడిపోయింది. చేతి సిరలోనే టోర్నికే (బిగుతు పట్టీ) కట్టి ముందుగా తిమ్మిరి మందు లిగ్నోకైన్ ఇస్తే మూడో వంతు కన్నా కిందికి తగ్గింది. లిగ్నోకైన్‌ను ప్రొపోఫోల్‌లోనే కలిపి ఇస్తే సుమారు నలభై శాతానికి, ముందు ఫెంటానిల్ లాంటి ఓపియాయిడ్ (నల్లమందు జాతి నొప్పిమందు) ఇస్తే దాదాపు సగానికి తగ్గింది. మీడియం చైన్ (మధ్యరకం గొలుసు అణువులున్న) నూనె కలిపిన కొత్త ఎమల్షన్ ఒక్కటే వాడితే తగ్గింది పావు వంతే. "మా దగ్గర ఖరీదైన ఎమల్షన్ ఉంది, ఇంకేమీ అక్కర్లేదు" అనుకునేవాళ్లు ఈ చివరి అంకె గుర్తుంచుకోవాలి.

మూసుకుపోయిన దారులు

మొదటి ఉపాయం ఈమెకు పనికిరాదు. ఈజీఎఫ్ఆర్ 20 ఉన్న మనిషికి రేపో మాపో డయాలిసిస్ ఫిస్టులా (సిరను ధమనికి కలిపి చేసే దారి) కావాల్సి రావచ్చు. ఫిస్టులా వేసేది ముంజేతి, మోచేతి సిరలతోనే. అక్కడ క్యాన్యులా (సిరలో ఉంచే సన్న గొట్టం) పెడితే సిర గోడ దెబ్బతిని, గట్టిపడి, తర్వాత సర్జన్‌కు పనికిరాకుండా పోతుంది. అందుకే ఇలాంటి పేషెంట్లలో రెండు చేతుల్లోనూ మణికట్టు పైన సూది పెట్టకూడదు. చేతి వెనక భాగమే వాడాలి. ఆమె కుడిచేతి వాటం, కాబట్టి ఫిస్టులా ఎడమ చేతికి వస్తుంది. ఎడమ చేతిని పూర్తిగా వదిలేసి కుడి చేతి వెనకే క్యాన్యులా అనుకున్నాం. అంటే మంట ఎక్కువగా వచ్చే చోటే ఇవ్వక తప్పదు. ఎడమ చేతికి బీపీ కఫ్, వేలికి శాచురేషన్ ప్రోబ్ పెట్టాం. ఫిస్టులా ఇంకా వేయలేదు కాబట్టి కఫ్‌కు అభ్యంతరం లేదు.

కీటోరొలాక్ లాంటి నొప్పిమందు ముందుగా ఇస్తే ప్రొపోఫోల్ మంట కొంత తగ్గుతుంది. కానీ ఈ కిడ్నీలకు అది విషంతో సమానం, దాని మాటే ఎత్తలేదు. కెటమిన్ అనే మత్తుమందు 5 నుంచి 10 మి.గ్రా. పనిచేస్తుంది గానీ అది బీపీని పెంచుతుంది, ఈమెకు బీపీ ఇప్పటికే 150 దాటి ఉంది. అవసరమైతే వాడదామని సిరంజిలో ఉంచాం, తీయాల్సిన పని పడలేదు. ప్రొపోఫోల్ వదిలేసి థయోపెంటోన్ అనే పాత మత్తుమందు ఇవ్వొచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. సిరలో దానికి మంట తక్కువ, నిజమే. కానీ గొంతులో పరికరం పెట్టేటప్పుడు దవడ, గొంతు ప్రొపోఫోల్‌తో వదులైనంత బాగా థయోపెంటోన్‌తో వదులవ్వవు. మెడ వంగని మనిషికి ఆ తేడా చాలా పెద్దది. పైగా దాని పీహెచ్ 10 దాటి ఉంటుంది. సన్న సిర నుంచి బయటికి కారితే చర్మం చచ్చిపోతుంది.

ఇక మిగిలింది లిగ్నోకైన్. ఇది కిడ్నీ మీద ఆధారపడదు, కాలేయంలో విరుగుతుంది. గంటల తరబడి ఇన్ఫ్యూజన్ ఇస్తే దాని అవశేషాలు కిడ్నీ జబ్బులో పేరుకుంటాయి గానీ ఒక్కసారి ఇచ్చే 40 మి.గ్రా.కు మోతాదు మార్చనక్కర్లేదు. 50 కిలోల మనిషికి ఇది కిలోకు 0.8 మి.గ్రా. మాత్రమే. హార్ట్ బ్లాక్ ఉంటే ఇది ఇవ్వకూడదు, అది లేదని ముందే చూసుకున్నాం.

ముందు రోజు, ఆ ఉదయం

ముందు రోజు సాయంత్రం ఆమెకు మూడే మాటలు చెప్పాం. కుడి చెయ్యి వెనక సూది పెడతాం, ఆ చోట ముందు చర్మానికి తిమ్మిరి మందు ఇస్తాం. తెల్లమందుకు ముందు ఆ సిరను మొద్దుబార్చే మందు ఇచ్చి, చేతికి పట్టీ కట్టి ఒక నిమిషం ఆగుతాం. ఆ నిమిషంలో చెయ్యి బిగుతుగా ఉంటుంది, భయపడొద్దు. "మండుతుంది, ఓర్చుకో అమ్మా" అనే మాట ఎవరూ అనకూడదని థియేటర్ సిస్టర్లకు కూడా చెప్పాం. మంట వస్తుందని ముందే చెబితే వచ్చే మంట పెరుగుతుంది. దీనిపై మాకు అనుమానం లేదు.

థియేటర్ ఏసీకి చేతి సిరలు ముడుచుకుపోతాయి. గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన గుడ్డను చెయ్యికి చుట్టి ఐదు నిమిషాలు ఉంచాం. చేతి వెనక మధ్యలో, వేళ్ల వైపు కాకుండా మణికట్టు వైపు ఒక మంచి సిర లేచింది. ఇన్సులిన్ సూదితో 1 శాతం లిగ్నోకైన్ 0.2 మి.లీ. చర్మంలోకి ఇచ్చి, గులాబీ రంగు 20జీ క్యాన్యులా పెట్టాం. ఆకుపచ్చ 18జీ పెట్టేంత సిర కాదు. సన్న సిరలో లావు క్యాన్యులా దూరిస్తే దాని చుట్టూ రక్తం పారే చోటే మిగలదు, మందు పలచబడదు. క్యాన్యులా కన్నా సిర వెడల్పుగా ఉండటమే ముఖ్యం.

తర్వాత 10 మి.లీ. సెలైన్ తోసి చూశాం. వాపు లేదు, నొప్పి లేదు, డ్రిప్ ధారగా పడుతోంది. ఈ పరీక్ష వదిలేయకూడదు. సిర బయట ఉన్న క్యాన్యులాలోకి ప్రొపోఫోల్ తోసి, పేషెంట్ అరిస్తే "ప్రొపోఫోల్ అంతే" అని కొట్టేయడం మనం తరచూ వినే మాట. సిర లోపలి మంట సిర దారి వెంట పైకి పాకుతుంది, వాపు ఉండదు. బయటికి కారితే సూది చుట్టూ ఉబ్బుతుంది. పొరపాటున ధమనిలోకి వెళితే వేళ్ల వైపు మండి, చెయ్యి తెల్లబడుతుంది. ఈ మూడూ వేరు. మూడింట్లోనూ పేషెంట్ "మంట" అనే అంటుంది.

మందు సీసాల దగ్గర ఇంకో జాగ్రత్త. సిరలోకి ఇవ్వడానికి ప్రిజర్వేటివ్ లేని 2 శాతం లిగ్నోకైన్ కావాలి. జైలోకార్డ్ పేరుతో వచ్చేది అదే. థియేటర్‌లో కుట్లు వేయడానికి ఉంచే 30 మి.లీ. వయల్‌లో ప్రిజర్వేటివ్ ఉంటుంది. దాని పక్కనే అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్ వయల్ దాదాపు అదే సైజులో ఉంటుంది. హడావిడిలో ఆ రెండోది సిరలోకి వెళితే గుండె దడ, బీపీ ఒక్కసారిగా పైకి. అడ్రినలిన్ వయల్స్‌ను ఎనస్థీషియా ట్రాలీ మీద అసలు పెట్టకపోవడమే మేలు. సిరంజికి పేరు, బలం రాసిన స్టిక్కర్ అంటించాకే చేతికి తీసుకోవాలి.

ప్రొపోఫోల్ ఆంప్యూల్‌ను కదిపి, వెలుగులో చూసి, పైన నూనె పొర తేలలేదని నిర్ధారించుకున్నాం. 25 డిగ్రీలు దాటని చోట దాచాలని పెట్టె మీదే రాసి ఉంటుంది. మే నెలలో ఒంగోలు, నెల్లూరు ఎండలకు, రాత్రి ఏసీ కట్టేసిన స్టోర్ గదిలో ఆ నియమం ఎంత నిలుస్తుందో ప్రతి ఆసుపత్రీ థర్మామీటర్ పెట్టి చూసుకోవాలి. గడ్డకట్టించడమూ పనికిరాదు. ఫ్రిజ్‌లో చల్లబరచి ఇస్తే మంట తగ్గుతుందని కొందరి అలవాటు. దానిపై వచ్చిన ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. లిగ్నోకైన్ చేతిలో ఉండగా దాని మీద ఆధారపడాల్సిన పని లేదు.

ఆ నాలుగు నిమిషాలు

మానిటర్లు కట్టి, మాస్క్‌తో ఆక్సిజన్ మొదలుపెట్టాం. బీపీ 154/92, నాడి 88.

మొదట ఫెంటానిల్ 75 మైక్రోగ్రాములు, అంటే కిలోకు 1.5. ఆంప్యూల్ మి.లీ.కి 50 మైక్రోగ్రాములు, కాబట్టి 1.5 మి.లీ. దాన్ని సెలైన్‌తో 10 మి.లీ. చేసి అర నిమిషం పైగా నెమ్మదిగా ఇచ్చాం. చిక్కగా, ఒక్క తోపులో ఇస్తే కొందరికి దగ్గు తెర వస్తుంది. ఫెంటానిల్ పనిచేయడానికి కనీసం రెండు మూడు నిమిషాలు పడుతుంది. దాన్ని ప్రొపోఫోల్‌కు ముందు క్షణంలో ఇచ్చి "ఇచ్చాం కదా" అనుకుంటే మంటకు అది ఏమీ చేయదు.

మూడో నిమిషంలో డ్రిప్ కట్టేశాం. చెయ్యి పైకెత్తి 15 సెకన్లు ఉంచితే సిరల్లో రక్తం కిందికి దిగుతుంది. ముంజేతికి చిన్నపిల్లల బీపీ కఫ్ చుట్టి 70 మి.మీ.కు పెంచాం. సిర మూసుకోవాలి, ధమని మూసుకోకూడదు. ఆమె కింది బీపీ 92 కాబట్టి 70 సరిపోయింది. కఫ్ లేని చోట రబ్బరు టోర్నికే కట్టినా సరే, మణికట్టు దగ్గర నాడి ఇంకా తగులుతోందో లేదో చూసుకోవాలి. కట్టు భుజం దగ్గర కన్నా ముంజేతి దగ్గరే మంచిది. పైన కడితే 2 మి.లీ. మందు చేతి మొత్తం సిరల్లో పంచుకుపోతుంది. ముంజేతికి కడితే మనకు కావాల్సిన చేతి సిరల్లోనే నిలుస్తుంది.

ఇప్పుడు లిగ్నోకైన్ 2 శాతం 2 మి.లీ., 40 మి.గ్రా., పది సెకన్లలో. ఎక్కడి నుంచి ఇస్తున్నామన్నది ఇక్కడ చాలా ముఖ్యం. క్యాన్యులా చివర త్రీవే (మూడు దారుల చిన్న కుళాయి), దానికి ఎక్స్‌టెన్షన్ గొట్టం ఉంటే ఆ గొట్టంలోనే దాదాపు 1 మి.లీ. పడుతుంది. అటువైపు నుంచి ఇస్తే సగం లిగ్నోకైన్ గొట్టంలోనే ఉండిపోయి, సిరకు 20 మి.గ్రా. మాత్రమే చేరుతుంది. ఆ మిగిలిన సగాన్ని వెనకొచ్చే ప్రొపోఫోల్ తోసుకుపోతుంది, అప్పటికి కట్టు విప్పేసి ఉంటాం. అందుకే క్యాన్యులా నెత్తిన ఉన్న రంగు మూత తీసి, ఆ ఇంజెక్షన్ పోర్ట్ నుంచే ఇచ్చాం. పోర్ట్ లేని క్యాన్యులా అయితే గొట్టంలో పట్టేంత సెలైన్ వెనక తోయాలి.

ఆ తర్వాత 60 సెకన్లు, గోడ గడియారం చూస్తూ. మొత్తం పద్ధతిలో ఎక్కువ చోట్ల విఫలమయ్యేది ఇక్కడే. సర్జన్ చేతులు కడుక్కుని నిలబడతారు, సిస్టర్ సిరంజి అందిస్తుంది, ఇరవై సెకన్లకే కట్టు విప్పేస్తారు. లిగ్నోకైన్ సిర లోపలి నుంచి గోడలోకి ఇంకి, అక్కడి నరాల చివరలను మొద్దుబార్చడానికి సమయం కావాలి. అంత సమయం ఇవ్వకపోతే కట్టు కట్టకుండా ముందుగా లిగ్నోకైన్ ఇచ్చినదానికీ దీనికీ పెద్ద తేడా మిగలదు. ఆ నిమిషంలో ఆమెతో మాట్లాడుతూనే ఉన్నాం. పెదవుల చుట్టూ తిమ్మిరి, చెవిలో హోరు లాంటివి అడిగాం, లేవు.

నిమిషం నిండగానే కఫ్ వదిలి, డ్రిప్ పూర్తిగా తెరిచి, అదే పోర్ట్ నుంచి ప్రొపోఫోల్ మొదటి 2.5 మి.లీ., 25 మి.గ్రా., ఐదు సెకన్లలో ఇచ్చాం. నెమ్మదిగా ఇస్తే మంట తగ్గుతుందనుకోవడం పొరపాటు. బొట్టు బొట్టుగా ఇస్తే మందు సిర గోడను తాకి ఉండే సమయమే పెరుగుతుంది. మొదటి భాగం చురుగ్గా ఇచ్చి, ఆ తర్వాతి భాగాన్ని బీపీ చూసుకుంటూ పది సెకన్లకు 20 మి.గ్రా. చొప్పున ఇవ్వాలి. డ్రిప్ సెట్‌లో వెనక్కి పోకుండా ఆపే వాల్వ్ లేకపోతే, పోర్ట్‌లోకి గట్టిగా తోసినప్పుడు ప్రొపోఫోల్ గొట్టంలో పైకి ఎక్కుతుంది. తెల్లగా కనిపిస్తుంది కాబట్టి చూస్తూ ఉంటే తెలిసిపోతుంది.

మొదటి 25 మి.గ్రా. కాగానే "చెయ్యి ఎట్టా ఉందమ్మా, మండుతోందా?" అని అడిగాం. "కొంచెం జివ్వుమంది, అంతే సార్" అంది. చెయ్యి లాక్కోలేదు, ముఖం చిట్లించలేదు. 80 మి.గ్రా. దగ్గర మాటకు పలకడం ఆగింది. 120 మి.గ్రా.కు దవడ బాగా వదులైంది, మూడో సైజు ఐజెల్ (శ్వాసకు దారి ఇచ్చే గొంతు పరికరం) మొదటి ప్రయత్నంలోనే కూర్చుంది. మెడ వెనక్కి వాల్చాల్సిన పని రాలేదు. కెమెరాతో గొంతు చూసే వీడియో లారింగోస్కోప్ పక్కనే సిద్ధంగా ఉంచాం, అవసరం పడలేదు. బీపీ అత్యల్పంగా 112/68. పోర్ట్‌లో, గొట్టంలో తెలుపు మిగలకుండా 10 మి.లీ. సెలైన్‌తో కడిగాం.

మత్తు కొనసాగించడానికి పీల్చే మత్తుమందుల్లో ఐసోఫ్లురేన్ ఎంచుకున్నాం. అలాంటిదే అయిన సెవోఫ్లురేన్ ఒంట్లో 2 నుంచి 5 శాతం విరిగి ఫ్లోరైడ్ వదులుతుంది. ఐసోఫ్లురేన్ విరిగేది 0.2 శాతమే. సెవోఫ్లురేన్ వల్ల మనుషుల కిడ్నీ చెడిందని తేలలేదు. అయినా ఫ్లోరైడ్ ఇప్పటికే ఎముకల్లో నిండి, దాన్ని బయటికి పంపే కిడ్నీలు మందగించిన మనిషికి ఇంకో దారి ఉండగా అది వాడటం మాకు నచ్చలేదు. యాంటీబయాటిక్ సెఫ్ట్రియాక్సోన్ 1 గ్రాము, నొప్పికి పారాసెటమాల్ 750 మి.గ్రా. వాంతులకు డెక్సామెథసోన్ 4 మి.గ్రా.ను మత్తులోకి వెళ్లాకే ఇచ్చాం. మెలకువగా ఉన్నప్పుడు గబుక్కున తోస్తే మర్మాంగాల దగ్గర విపరీతమైన దురద, మంట పుడతాయి. ప్రొపోఫోల్ మంట తప్పించి ఈ మంట ఇస్తే ఏం లాభం?

కొలిచిన తీరు, ఫలితం

"పేషెంట్‌కు బాగానే ఉంది" అని రాస్తే చాలదు. నాలుగు మెట్ల స్కేలు వాడాం. అడిగినా నొప్పి లేదంటే 0. అడిగితేనే కొంచెం ఉందని చెప్పి, ముఖంలో, చేతిలో ఏ మార్పూ లేకపోతే 1. అడిగినప్పుడు చెప్పి చెయ్యి కదిపినా, అడగకుండానే తనంతట చెప్పినా 2. అరిచినా, చెయ్యి లాక్కున్నా, ముఖం బాగా చిట్లించినా, కన్నీళ్లొచ్చినా 3. పోయినసారి ఆమె చెప్పినదాన్ని బట్టి 3. ఈసారి 1.

రికవరీలో పూర్తిగా తేరుకున్నాక మళ్లీ అడిగాం. పట్టీ బిగుతు గుర్తుంది, మంట గుర్తు లేదంది. మర్నాడు క్యాన్యులా తీసేటప్పుడు సిర దారిలో ఎరుపు, గట్టిదనం లేవు. మూడో రోజుకు క్రియాటినిన్ 2.3కు దిగింది, ఇంటికి పంపాం. డిశ్చార్జి కాగితం మీద మత్తు వివరాల కింద "కుడి చేతి వెనక 20జీ, ఫెంటానిల్ 75 మైక్రోగ్రాములు, లిగ్నోకైన్ 40 మి.గ్రా. ముంజేతి కట్టుతో 60 సెకన్లు, ప్రొపోఫోల్ 120 మి.గ్రా., మంట 1/3" అని రాశాం. దాని కింద "రెండు చేతుల్లో మణికట్టు పైన సూదులు పెట్టవద్దు, ఎడమ చేతికి అసలు పెట్టవద్దు" అని తెలుగులో కూడా రాసి కూతురికి చదివి వినిపించాం. ఈమెను రేపు ఏ ఊళ్లో ఎవరు చూస్తారో తెలియదు.

వేరే పేషెంట్లలో మార్చుకోవాల్సినవి

రోజూ పదేసి కేసులు నడిచే థియేటర్‌లో ప్రతివారికీ కట్టు, నిమిషం కుదరదనే వాదన ఉంది. కిడ్నీ జబ్బు లేనివాళ్లకు మోచేతి మడతలో, లేదా ముంజేతి పెద్ద సిరలో క్యాన్యులా పెడితే ఆ వాదన అక్కర్లేదు. అక్కడ ఉన్న చిక్కు ఒకటే, మోచెయ్యి మడిస్తే డ్రిప్ ఆగుతుంది. ఆపరేషన్ అయ్యాక చెయ్యి చాచి ఉంచమని వార్డులో చెప్పాలి.

లిగ్నోకైన్‌ను ప్రొపోఫోల్‌లో కలపడం అందరికీ అలవాటైన పద్ధతి. పనిచేస్తుంది కూడా. లిగ్నోకైన్ ఎమల్షన్ పీహెచ్‌ను దించి, నీటి భాగంలోని ప్రొపోఫోల్‌ను నూనె లోకి నెడుతుంది. కానీ కలిపే కొలత మీద, కలిపాక పట్టే సమయం మీద శ్రద్ధ తక్కువ. 20 మి.లీ. ప్రొపోఫోల్‌కు 2 శాతం లిగ్నోకైన్ 1 మి.లీ. అంటే 20 మి.గ్రా. దాటొద్దు, ఇచ్చే ముందే కలపాలి. ఎక్కువ కలిపి నిల్వ ఉంచితే నూనె బిందువులు ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవవుతాయి, పైకి తేలతాయి. పెద్ద నూనె బిందువులు ఊపిరితిత్తుల సన్న రక్తనాళాలకు మంచివి కావు. ఉదయమే నాలుగు సిరంజిలు కలిపి ట్రేలో పేర్చడం ఇంకో విధంగానూ తప్పు. ఈ ఎమల్షన్‌లో బ్యాక్టీరియా ఇట్టే పెరుగుతుంది. ఆంప్యూల్ మెడ స్పిరిట్‌తో తుడిచి విరవాలి, ఒక ఆంప్యూల్ ఒక పేషెంట్‌కే, తెరిచిన ఆరు గంటల్లో మిగిలింది పారేయాలి.

రెండో, మూడో డిగ్రీ హార్ట్ బ్లాక్ ఉన్నవాళ్లకు, లిగ్నోకైన్ జాతి మందులు పడనివాళ్లకు ఈ పద్ధతి పనికిరాదు. వాళ్లకు పెద్ద సిర, ముందుగా ఫెంటానిల్, కిలోకు 0.1 మి.గ్రా. కెటమిన్, వీలైతే మీడియం చైన్ నూనె ఎమల్షన్, ఈ నాలుగూ కలిపి వాడితే చాలావరకు నెట్టుకురావచ్చు. గుడ్డు పడదని చెప్పేవాళ్లకు ప్రొపోఫోల్ ఆపాల్సిన పని సాధారణంగా ఉండదు. ఎక్కువమందికి పడనిది తెల్లసొన ప్రొటీన్, ఇందులో ఉన్నది పచ్చసొన నుంచి తీసిన లెసిథిన్. అయినా ఆ మాట రికార్డులో రాయాలి, గుడ్డు తిన్నాక నిజంగా ఏమైందో అడగాలి.

కండరాలను సడలించే రోకురోనియం కూడా మండే మందే, దాని పీహెచ్ 4 దగ్గర. మత్తులో ఉన్న పేషెంట్ కూడా చెయ్యి వెనక్కి లాక్కుంటుంది, అప్పుడే క్యాన్యులా ఊడేది. ప్రొపోఫోల్ పూర్తిగా పనిచేశాక, గొట్టం సెలైన్‌తో కడిగి ఇవ్వాలి.

పిల్లల్లో సన్న సిరలే దొరుకుతాయి, మంట తెలియజెప్పేది ఏడుపుతోనే. సూది పెట్టే చోట గంట ముందు ఎమ్లా అనే తిమ్మిరి క్రీమ్ రాసి, పైన ప్లాస్టిక్ అంటించాలి. అది చర్మానికే, సిర లోపలి మంటను ఆపదు. పసిబిడ్డ చేతికి కట్టు కట్టి నిమిషం ఆగమంటే ఒప్పుకోదు కాబట్టి, ప్రొపోఫోల్‌లో లిగ్నోకైన్ కిలోకు 0.2 మి.గ్రా. చొప్పున కలిపి ఇవ్వడం, లేదా సెవోఫ్లురేన్ గాలితో నిద్రపుచ్చి ఆ తర్వాత క్యాన్యులా పెట్టడం మేలు. తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకుని మాస్క్ పట్టుకోనిస్తే రెండోది ఇంకా తేలిక.